చేశారు, చేస్తారు: ఎన్నికల ప్రసంగంలో మతం మీద మూసముద్ర ఎక్కడ దాక్కుంటుంది

‘ఫలానా మతంవాళ్లు ఆ ఊళ్లో గొడవ చేశారు.’ ‘ఫలానా మతంవాళ్లు గొడవలు చేస్తారు.’ చెవికి ఈ రెండు వాక్యాల క్రియల్లో తేడా ఒకటి రెండు అక్షరాలే. మొదటిదాన్ని నిలదీయొచ్చు. ఏ ఊరు, ఏ రోజు, ఎంతమంది, కేసు నమోదైందా? రెండోదాన్ని ఏమని నిలదీస్తారు? అది జరిగిన సంగతి చెప్పడం లేదు, స్వభావం చెబుతోంది. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అన్నప్పుడు వాడే క్రియారూపం అది. తెలుగు వ్యాకరణం దాన్ని తద్ధర్మం అంటుంది. భవిష్యత్తుకూ అదే రూపం వాడతాం, ‘రేపు వస్తాడు’ అని. అందువల్ల వేదిక మీద ‘చేస్తారు’ అన్న మాట పడగానే వాళ్ల గుణం ఇదీ, రేపు జరగబోయేదీ ఇదే అని రెండూ ఒక్కసారే చెవిన పడతాయి. రుజువు అడగడానికి గుణం సంఘటన కాదు, జోస్యం ఇంకా జరగలేదు.

పచ్చిగా తిట్టే ప్రసంగంలో విశ్లేషించాల్సింది పెద్దగా ఉండదు. వీడియో బయటికొస్తుంది, ఫిర్యాదు వెళ్తుంది, క్షమాపణో సమర్థనో వస్తుంది. ఎక్కువ కాలం నిలిచేది మూసముద్ర, అంటే స్టీరియోటైప్. దానికి తిట్టు అక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. ఒక ప్రత్యయం, ఒక సర్వనామం, ఒక లెక్క చాలు. చట్టమేమో పెద్ద మాటల కోసం వెతుకుతుంది. ప్రసంగాల మీద కేసులు నిలవకపోవడానికి రాజకీయ ఒత్తిళ్లు ఒక కారణమైతే, ఈ పొంతన లేకపోవడం మరో కారణం. దీని గురించి చర్చ మాత్రం తక్కువ.

చిన్న మాటల పెద్ద పని

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ‘మనం’ అంటే వినేవాణ్ని కలుపుకున్నట్టు. హిందీ ‘హమ్’లో ఈ విభజన లేదు. నాయకుడు ‘మన రాష్ట్రం, మన నీళ్లు, మన పండగలు, మన ఆడపిల్లలు’ అని ఒకే ఊపులో అంటే, మొదటి రెండు ‘మన’ల్లో సభలో ఉన్న అందరూ ఉన్నారు. మూడో దగ్గరికి వచ్చేసరికి కొందరు బయట పడ్డారు. నాలుగోది వచ్చేటప్పటికి ఆ బయటపడ్డవాళ్లు ముప్పుగా మారారు. ఎవరి పేరూ ఎత్తలేదు. ప్రసంగం పాఠం చేతికొస్తే మొదట చేయాల్సిన పని ప్రతి ‘మన’ కింద గీత గీసి, అందులో ఎవరు లేరో పక్కన రాసుకోవడం.

‘అంట’ ఇంకో సౌకర్యం. ‘ఫలానా చోట వాళ్లు భూములన్నీ కొనేస్తున్నారంట’ అంటే చెప్పినవాడి మీద బాధ్యత లేదు, విన్నవాడికి మాత్రం సమాచారం అందింది. మర్నాటి వార్తలో ‘అంట’ పోయి ‘కొనేస్తున్నారని ఆయన ఆరోపించారు’ అవుతుంది. వినికిడి కాస్తా ఆరోపణ స్థాయికి ఎదిగింది. ఎదిగించింది నాయకుడు కాదు, వార్త దిద్దే పత్రిక డెస్క్. మన పత్రికలకు ఇష్టమైన ‘నిప్పులు చెరిగారు’, ‘విరుచుకుపడ్డారు’ లాంటి క్రియలు చేసే నష్టం మరో రకం. పాఠకుడికి వేడి తెలుస్తుంది, అన్న మాటేమిటో తెలియదు. మాట తెలియనప్పుడు అందులో మూస ఉందో లేదో చూసే అవకాశమే లేదు.

పొగడ్తలోనూ మూస ఉంటుంది. ‘ఫలానా మతస్థుడైనా నిజాయితీపరుడు’ అన్నప్పుడు పొగిడింది ఒకణ్ని, తిట్టింది మిగతా అందర్నీ. ఆ పని చేసింది ‘అయినా’. ‘సిక్కులు పుట్టు యోధులు’ అన్న మెచ్చుకోలు కూడా ఇలాంటిదే. 1857 తర్వాత బ్రిటిష్ పాలకులు సైన్యంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చుకోవడానికి ప్రచారం చేసిన ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం దాన్ని బాగా స్థిరపరిచింది. ఒక సమూహానికి ఒకే గుణం అంటగట్టడం అలవాటైతే, ఆ గుణాన్ని మంచి నుంచి చెడుకు తిప్పడానికి ఎక్కువ కాలం పట్టదు. నిన్న యోధులన్నవాళ్లనే 1980లలో ఉగ్రవాదులన్నారు.

సొంత మతంవాడి మీద కూడా మూస ప్రయోగించొచ్చు. 1972 మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో పోటీ చేసిన బుఖారీ, తన ప్రత్యర్థి చాగ్లా అసలైన ముస్లిం కాడనే అర్థంలో ప్రసంగించారు. ఇద్దరూ ముస్లింలే. 1975లో సుప్రీంకోర్టు ఆ ప్రసంగాలను తప్పుపట్టి, బుఖారీ ఎన్నిక రద్దును సమర్థించింది. ‘నిజమైన ముస్లిం’, ‘అసలు సిసలు హిందువు’ అనే కొలబద్ద కూడా మూసే. ఆ కొలతకు తగ్గినవాణ్ని మతం నుంచే వెలివేస్తుంది.

నిజమైన అంకె, తప్పుడు వాక్యం

మతం మీది మూసల్లో అన్నిటికంటే గట్టిది జనాభా లెక్క. అంకెలు తోడుగా వస్తాయి కాబట్టి అది అభిప్రాయంలా వినిపించదు. ఎలా అల్లుతారో దగ్గరగా చూద్దాం.

2011 జనగణన ప్రకారం దేశంలో హిందువులు 79.8 శాతం, ముస్లింలు 14.2 శాతం, క్రైస్తవులు 2.3 శాతం. 2001 నుంచి 2011 మధ్య ముస్లిం జనాభా 24.6 శాతం పెరిగింది, హిందూ జనాభా 16.8 శాతం. వక్త ఈ రెండు అంకెలూ చెప్పి ఆగిపోతాడు. రెండూ నిజమే. వదిలేసింది అంతకు ముందు దశాబ్దాన్ని. అప్పుడు ముస్లింలలో పెరుగుదల 29.5 శాతం, హిందువుల్లో 19.9. అంటే ఇద్దరిలోనూ వేగం తగ్గుతోంది, ముస్లింలలో మరింత ఎక్కువగా తగ్గుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకా స్పష్టంగా చెబుతుంది. 1992-93లో సగటున ఒక ముస్లిం మహిళకు 4.4 మంది పిల్లలు, హిందూ మహిళకు 3.3. 2019-21 నాటికి అవి 2.36, 1.94. తేడా 1.1 నుంచి సుమారు 0.4కి దిగింది.

మతమే కారణమైతే రాష్ట్రం మారినా లెక్క మారకూడదు. అదే 2019-21 సర్వేలో ముస్లింలు మెజారిటీగా ఉన్న జమ్మూ కశ్మీర్‌లో సగటు 1.4. హిందువులు మెజారిటీగా ఉన్న బీహార్‌లో దాదాపు 3. ఆడపిల్ల ఎన్నేళ్లు చదివింది, ఏ వయసులో పెళ్లయింది, ఆస్పత్రి ఎంత దూరం అన్నవి మతం కంటే ఎక్కువ చెబుతాయి.

దీని పక్కనే వినిపించేది ‘నలుగురు భార్యలు’. అదే సర్వేలో భర్తకు మరో భార్య ఉందని చెప్పిన మహిళలు ముస్లింలలో 1.9 శాతం, హిందువుల్లో 1.3, ఇతరుల్లో 1.6. పైగా బహుభార్యాత్వం వల్ల ఒక సమూహంలో ఆడవాళ్ల సంఖ్య పెరగదు. ఒకడు ఇద్దర్ని చేసుకుంటే ఇంకొకడు పెళ్లి లేకుండా మిగులుతాడు. పుట్టే పిల్లల లెక్కకు ఆధారం తల్లులే తప్ప తండ్రులు కాదు.

ఇక క్రియ చూడండి. ‘పెరుగుతోంది’ అంటే సమాచారం. ‘పెరిగిపోతోంది’ అంటే భయం. ఆ ‘పో’ అనే సహాయక్రియ, అదుపు తప్పింది అన్న భావాన్ని ఏ అంకె సాయమూ లేకుండా చేరవేస్తుంది. ఖండించేవాళ్లు చేసే పొరపాటూ ఇక్కడే ఉంది. ‘24.6 శాతం అబద్ధం’ అని ఎదురు మాట్లాడితే, వక్త జనగణన కాగితం తీసి చూపిస్తాడు, గెలుస్తాడు. తప్పు అంకెలో లేదు. అంకెకూ వాక్యానికీ మధ్య జరిగిన కత్తిరింపులో ఉంది. సమాధానం ఆ కత్తిరించిన దశాబ్దాన్ని తిరిగి అతికించడం దగ్గర మొదలుకావాలి.

పేరు చెప్పకుండా వర్ణన

2024 ఏప్రిల్ 21న రాజస్థాన్‌లోని బాంస్వాడా సభలో ప్రధాని మోదీ, కాంగ్రెస్ అధికారంలోకొస్తే ఆస్తిని ‘ఎక్కువమంది పిల్లలున్నవాళ్లకు’, ‘చొరబాటుదారులకు’ పంచుతుందన్నారు. దానికి ముందు వాక్యాల్లో, వనరులపై మొదటి హక్కు ముస్లింలదని గత ప్రభుత్వం అన్నదని గుర్తుచేశారు. (ఆ మాటకు మూలం 2006 డిసెంబరులో మన్మోహన్ సింగ్ ప్రసంగం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలు, పిల్లలు, మైనారిటీలు అందర్నీ ఉద్దేశించే ఆ మాట అన్నట్టు ప్రధాని కార్యాలయం అప్పుడే వివరణ ఇచ్చింది.) తర్వాత విమర్శలు వచ్చినప్పుడు, ఎక్కువమంది పిల్లలంటే ముస్లింలేనని ఎందుకనుకుంటున్నారు, పేద కుటుంబాల్లోనూ ఉంటారు కదా అని మోదీ ఒక ఇంటర్వ్యూలో బదులిచ్చారు. విడిగా చదివితే ఆ సమాధానం కుదురుతుంది. ముందు వాక్యంతో కలిపి చదివితే కుదరదు. పేరు ఒక వాక్యంలో, వర్ణన తర్వాతి వాక్యంలో, రెంటినీ కలిపే పని శ్రోతకు వదిలేయడం పాత పద్ధతే. అందుకే పది సెకన్ల క్లిప్ చూసి ఏ వైపు తీర్పు చెప్పినా తప్పే.

2023 సెప్టెంబరులో తమిళనాడు మంత్రి ఉదయనిధి స్టాలిన్ సనాతన ధర్మాన్ని డెంగీ, మలేరియాతో పోల్చి నిర్మూలించాలన్నారు. సిద్ధాంతాన్ని అన్నానే గానీ మనుషుల్ని కాదన్నది ఆయన సమర్థన. సిద్ధాంతాన్ని విమర్శించడానికీ దాన్ని పాటించేవాళ్లను కించపరచడానికీ మధ్య గీత నిజంగానే ఉంది, ఉండాలి కూడా. కానీ రోగంతో పోలిక ఆ గీతను చెరిపేస్తుంది. రోగం నిలిచేది మనుషుల ఒంట్లోనే. మీరు సామాన్యులు కాదు, మంత్రి, పర్యవసానం తెలిసి ఉండాలి అని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆయనతో అన్న మాట ఏ పార్టీవాళ్లకైనా వర్తిస్తుంది.

చట్టం చూసేది, చూడనిది

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని సెక్షన్ 123(3) మతం, జాతి, కులం, సమూహం, భాష ఆధారంగా ఓటు అడగడాన్నీ, వేయొద్దనడాన్నీ ఎన్నికల అక్రమంగా చెబుతుంది. 123(3ఏ) సమూహాల మధ్య ద్వేషం పెంచడానికి సంబంధించినది. సెక్షన్ 125 కింద అదే పనికి మూడేళ్ల వరకు జైలు. ఎన్నికల చట్టం బయట, భారతీయ న్యాయ సంహితలో 196 (సమూహాల మధ్య వైరం పెంచడం), 299 (మత విశ్వాసాలను కించపరచడం), 353 (రెచ్చగొట్టే వదంతులు) సెక్షన్లున్నాయి. 2024 జూలై 1కి ముందు ఐపీసీలో ఇవే 153ఏ, 295ఏ, 505. ద్వేష ప్రసంగం అంటే ఏమిటో వీటిలో ఎక్కడా నిర్వచనం లేదు. ప్రత్యేకంగా రెండు సెక్షన్లు చేర్చమని లా కమిషన్ 2017లో తన 267వ నివేదికలో సిఫారసు చేసింది. కొత్త సంహిత రాసినప్పుడు కూడా అవి చేరలేదు.

123(3)లో ‘అతని మతం’ అన్నప్పుడు ఆ ‘అతను’ ఎవరు? అభ్యర్థా, ప్రత్యర్థా, ఓటరా? 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో ముగ్గురూ వస్తారని తేల్చింది. అప్పటిదాకా అభ్యర్థి మతమే లెక్కన్న వాదన నడిచింది. అల్పమత తీర్పు రాసిన జస్టిస్ చంద్రచూడ్ అభ్యంతరమూ తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. మతం, కులం పేరుతో అణచివేతకు గురైనవాళ్లు ఆ అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడకూడదా అన్నది దాని సారం. ఓటరు మతం పేరు చెప్పి ఓటు అడగడం వేరు, ఆ మతస్థుల మీద ఉన్న వివక్షను చర్చకు పెట్టడం వేరు. రెండో పనిలో మూసకు చోటు లేదు, ఎందుకంటే వివక్ష గురించి చెప్పాలంటే సంఘటనలు, తేదీలు, ఉత్తర్వులు చెప్పాలి. ఇంకో సంగతి. ఆ కేసు 1990 నాటి శాంతాక్రజ్ ఎన్నిక గురించి. ప్రశ్న తేలడానికి 27 ఏళ్లు పట్టింది.

ఒకే రోజు, 1995 డిసెంబరు 11న, వచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవాలి. బొంబాయి విలే పార్లే 1987 ఉప ఎన్నికలో బాల్ ఠాక్రే ప్రసంగాల కారణంగా రమేశ్ ప్రభూ ఎన్నిక రద్దయింది. ఠాక్రే ఓటు హక్కు ఆరేళ్లపాటు పోయింది, ఆ ఉత్తర్వు వచ్చింది 1999లో. మనోహర్ జోషి కేసులో మాత్రం, మొదటి హిందూ రాష్ట్రం మహారాష్ట్రలో ఏర్పడుతుందన్న మాట ఆశ చెప్పడమే గానీ మతం పేరుతో ఓటు అడగడం కాదని కోర్టు అంది. నేరుగా అడిగితే పట్టుబడతారు, ఊహ చెబితే పట్టుబడరు. ‘చేస్తారు’ లాంటి క్రియలకు ఇంత గిరాకీ ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

మూస జారిపోయే కన్నాలు మరికొన్ని ఉన్నాయి. 153ఏ కింద నేరం రుజువు కావాలంటే కనీసం రెండు సమూహాల ప్రస్తావన ఉండాలని, ఉద్దేశం కూడా రుజువు కావాలని 1997లో బిలాల్ అహ్మద్ కాలూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. రెండో సమూహాన్ని నోటితో అనకుండా ‘మనం’లో దాచేస్తే వాదించడానికి వీలు దొరుకుతుంది. ఎన్నికల చట్టంలో ‘అభ్యర్థి’ అంటే నామినేషన్ వేసినవాడు. అంతకు ముందు నెలల తరబడి చేసిన యాత్రల్లో ఏమన్నా 123 కిందికి రాదు. మాట్లాడింది అభ్యర్థి కాకుండా స్టార్ క్యాంపెయినర్ అయితే, అభ్యర్థి సమ్మతి ఉందని విడిగా రుజువు చేయాలి. ఫలితం ప్రకటించిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ పడాలి, అందులో ఎవరు, ఎక్కడ, ఏ తేదీన ఏమన్నారో పూర్తి వివరం ఉండాలి. ‘పలు సభల్లో రెచ్చగొట్టారు’ అని రాస్తే మొదటి విచారణలోనే పోతుంది.

పైన చెప్పిన సంహిత సెక్షన్ల కింద పెట్టే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా కోర్టు విచారణకు స్వీకరించదు. అధికారంలో ఉన్నవాళ్ల మీద ఆ అనుమతి ఎవరివ్వాలో చెప్పనక్కర్లేదు. పీలీభీత్‌లో 2009 ప్రసంగాల కేసుల్లో వరుణ్ గాంధీ 2013లో నిర్దోషిగా బయటపడ్డారు. 2012 నిర్మల్, నిజామాబాద్ ప్రసంగాల కేసుల్లో అక్బరుద్దీన్ ఒవైసీ 2022లో బయటపడ్డారు. రెండు చోట్లా వీడియోలను దేశమంతా చూసింది.

ఎన్నికల సంఘం చేతిలో ఉన్నది వేగమే. ప్రవర్తనా నియమావళి చట్టం కాదు, కానీ కొన్నిసార్లు రోజుల్లో పనిచేస్తుంది. 2019 ఏప్రిల్ 15న, సుప్రీంకోర్టు మీ అధికారాలేమిటని అడిగిన రోజే, మతం ప్రస్తావించిన ప్రసంగాలకు యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతినీ మేనకా గాంధీనీ 48 గంటలు ప్రచారం నుంచి ఆపింది. 2024లో పద్ధతి మార్చి, నోటీసులు మాట్లాడినవాళ్లకు కాక పార్టీ అధ్యక్షులకు ఇచ్చింది. మొదటి పద్ధతిలో మాట్లాడినవాడు రెండు సభలైనా పోగొట్టుకుంటాడు. రెండోదాంట్లో ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తాయి, ప్రచారమూ నడుస్తుంది.

పాఠం రాసుకోవడం ఎలా

విలేకరికైనా, ఫిర్యాదు చేసేవాళ్లకైనా మొదటి పని ఒకటే. వివాదం రేపిన వాక్యానికి ముందు మూడు నిమిషాలు, తర్వాత మూడు నిమిషాలు అక్షరం పొల్లుపోకుండా రాయాలి. 1964లో కుల్తార్ సింగ్ కేసులో ‘పంథ్’ అన్న మాట సిక్కు మతమా, అకాలీదళ్ పార్టీయా అన్నది పోస్టర్ మొత్తం చదివాకే తేలింది. ఆ సందర్భంలో పార్టీయేనని కోర్టు అంది, అభ్యర్థి నెగ్గాడు. వాక్యం ఒక్కటే పట్టుకుపోతే అవతలి లాయరు మొత్తం పాఠం తెస్తాడు.

రాసేటప్పుడు ‘అంట’, ‘మన’, ‘అయినా’, ‘పో’ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. వాక్యం శుభ్రం చేయాలన్న డెస్క్ అలవాటు ఇక్కడ ఆధారాన్ని చెరుపుతుంది. ‘వాళ్లెవరో మీకు తెలుసు కదా’ అని ఆగినప్పుడు జనం ఏమని అరిచారో బ్రాకెట్లో రాయాలి. పేరు పెట్టింది జనమే అయినా, ఖాళీ వదిలింది వక్త. మాట ఉర్దూలోనో హిందీలోనో ఉంటే మూలం తెలుగు లిపిలో ఇచ్చి కింద అనువాదం పెట్టాలి. అనువాదంలో ‘కొందరు’ చేరిందా, పోయిందా అన్నది ప్రత్యేకంగా చూడాలి. ఆ ఒక్క మాటే ఆరోపణకూ మూసకూ మధ్య గోడ.

నియమావళి ఉల్లంఘనైతే ఎన్నికల సంఘం ఫిర్యాదుల వేదిక సీవిజిల్‌లో అక్కడికక్కడ తీసిన వీడియో పెడితే 100 నిమిషాల్లో చర్య అన్నది సంఘం పెట్టుకున్న లెక్క. పెద్ద సభల్ని అధికారిక వీడియో బృందాలే చిత్రీకరిస్తాయి, ఆ కాపీ కోసం రిటర్నింగ్ అధికారికి వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి.

కోర్టుకు వెళ్లే ఆలోచన ఉంటే అసలు చిక్కు పరికరం దగ్గరుంటుంది. 2014లో అన్వర్ పి.వి. కేసు మతం గురించి కాదు, కానీ కేరళలో ఓడిన ఆ అభ్యర్థి తెచ్చిన ప్రసంగాలు, పాటల సీడీలను సుప్రీంకోర్టు పక్కన పెట్టేసింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్ జత చేయలేదన్నది కారణం. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఆ సర్టిఫికెట్‌కు రెండు భాగాలు, ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లది, రెండోది నిపుణుడిది. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంకేతం, రాయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో దారిలోనే కుదించుకుపోతుంది, హాష్ మారిపోతుంది, మూలంతో సరిపోదు. తీసిన ఫోన్‌నీ మెమరీ కార్డునీ చెరపకుండా పక్కన పెట్టి, కాపీ తీసిన రోజే హాష్ రాసుకోవాలి.